మోసిన మోత ఎక్కడికి పోయింది?

పల్లకీ ఎరగని పిల్లల్లారా, వినండి. మోసుకొచ్చిన బోయీలు తిన్నాకే పల్లకీలో వచ్చినవారు విస్తరి ముందు కూర్చోవాలన్నది ఆ కాలపు ఆచారం.

కొత్తగా ఇంగ్లీషు నేర్చుకుంటున్న ఒక జమీందారు, కలెక్టరు దొరను కలవడానికి కొండకింది తన కోటనుంచి పల్లకీలో కొండమీది బంగళాకు వెళ్ళాడు. పల్లకీ దించేసరికి బోయీల పెద్ద సన్యాసికి కడుపు నకనకలాడుతోంది. వంటింట్లోంచి పులిహోర వాసన వస్తోంది.

"అన్నం పెట్టించండి బాబూ," అన్నాడు.

జమీందారు మీసం దువ్వాడు. "ఒరే, ఇంగ్లీషులో అయిపోయిన పనిని రెండు రకాలుగా చెబుతారు. దాని ఫలం ఇప్పటికీ నిలిచి ఉంటే ఒక రకం. ఏమీ మిగలకుండా గడిచిపోతే ఇంకో రకం. మీ భుజాలమీద ఇప్పుడేముంది? మీ మోత రెండో రకం. గడిచిపోయినదానికి అన్నమేమిట్రా?"

సన్యాసి బుర్ర గోక్కున్నాడు. తర్వాత ఖాళీ పల్లకీ ఎత్తించి, "పదండ్రా కోటకి," అన్నాడు.

"నన్నొదిలేసి ఎక్కడికిరా?"

"మా మోతలో ఏమీ మిగల్లేదంటే తమరింకా కోటలోనే ఉన్నట్టు కదా బాబూ! అక్కడికే వచ్చి అన్నం అడుగుతాం."

జమీందారు కిందికి తొంగిచూశాడు. కోట కుంకుమ భరిణెంత కనిపించింది.

"ఆగండ్రా! మొదటి రకమే! మీరు మోశారు, నేను కొండమీద ఉన్నాను!"

ఆ పూట బోయీలే ముందు తిన్నారు. సాయంత్రం దిగాలి కదా, జమీందారే దగ్గరుండి కొసరి కొసరి వడ్డించాడు.

ఈ కథ మీ పిల్లలకూ చెప్పండి నాన్నా. వాళ్ళు ఆకలిమీద ఉంటే మాత్రం ముందు అన్నం పెట్టండి.