పుట్టగొడుగుల నీళ్ళు

సునందుడికి ఆ ఏడుపు భరించడం కష్టమైపోయింది.

కొండమీది బౌద్ధారామంలో ధ్యానమందిరం చూసుకునేది అతనే. ఎంతమంది కూర్చున్నా అక్కడ ఊపిరి చప్పుడు కూడా వినపడకూడదని అతని పట్టుదల. వానలు మొదలైన రోజుల్లో భద్రికుడనే పడవవాడు వచ్చి చేరాడు. పెద్ద వయసువాడు. అతని ఒక్కగానొక్క కొడుకుని ఏరు పొట్టన పెట్టుకుంది. కళ్ళు మూసుకున్నాడంటే చాలు, భోరుమనేవాడు. పక్కవాళ్ళ ధ్యానం చెదిరిపోయేది.

ఆఖరికి సునందుడు గురువు రేవతులవారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన వంటశాలలో కూర్చుని పుట్టగొడుగులకు అంటిన మట్టి తుడుస్తున్నారు.

"గురుదేవా, భద్రికుణ్ణి ఇంటికి పంపించెయ్యండి. ఏడుపు తీరాక మళ్ళీ రమ్మందాం."

"పొయ్యి రాజెయ్యి నాయనా" అన్నారు గురువు.

సునందుడు మంట పెట్టాడు. గురువు బాణలిలో నువ్వులనూనె పోసి, అల్లం వేసి, పుట్టగొడుగులు తరిగి అందులో వేశారు. కాస్త ఉప్పు చల్లారు. చుయ్యిమన్న బాణలి కాసేపటికే మూగబోయింది. పుట్టగొడుగులు నీళ్ళు వదిలాయి. చూస్తుండగానే ముక్కలన్నీ ఆ నీళ్ళలో తేలాయి.

"అయ్యో, పాడైపోయింది!" సునందుడు మసిగుడ్డ అందుకున్నాడు. "ఉండండి, వంచేస్తాను."

గురువు అతని మణికట్టు మీద చెయ్యి వేశారు.

"ఆ నీళ్ళు మనం పోశామా?"

"లేదు. వాటిలోవే."

"అయితే ఉండనీ."

గరిటె పక్కన పెట్టి పొయ్యి ముందు చతికిలబడ్డారాయన. మంట ఎగదోయలేదు, తగ్గించలేదు. అంత ముసలాయన, ఉడుకుతున్న బాణలి కేసి, అయినవాళ్ళెవరో కష్టం చెప్పుకుంటుంటే వింటున్నట్టు చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు సునందుడు ఎరిగినదే. తను ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని ఈ కొండెక్కిన కొత్తలో, తన గోడునంతా ఆయన ఇలాగే విన్నారు. ఒక్కసారి కూడా ఊరుకోమనలేదు.

బుడగలు చిక్కబడ్డాయి. నీళ్ళు మెల్లగా ఇంకిపోయాయి. మళ్ళీ నూనె చిటపటలాడింది. ముక్కలు ఎర్రగా వేగి, కమ్మటి వాసన వంటశాలంతా కమ్ముకుంది. అప్పుడు గురువు లేచి, చల్లారిన అన్నాన్ని వేళ్ళతో పొడిపొడిగా విడదీసి అందులో వేశారు. మిరియాలపొడి చల్లి, ఒడుపుగా ఎగరేశారు.

మొదటి ముద్ద సునందుడి చేతిలో పెట్టారు.

అతను నమిలాడు. ఇంకో ముద్ద అడిగి తిన్నాడు.

"రుచంతా ఆ నీళ్ళలోనే ఉంది నాయనా" అన్నారు గురువు, బాణలి దించుతూ.

ఆ మధ్యాహ్నం మందిరంలో భద్రికుడు మళ్ళీ ఏడ్చాడు. వెనక వరసలో ఎవరో విసుగ్గా కదిలారు. సునందుడు లేచాడు. బయటికి పంపేస్తాడనే అనుకున్నారందరూ.

అతను తన చాప తెచ్చి భద్రికుడి పక్కన పరుచుకుని, కళ్ళు మూసుకోకుండా, ఆ ఏడుపు వింటూ కూర్చున్నాడు.