ముప్పమ్మ పెట్టిన మూడో షరతు

అనగనగా ఒక ఊరు కాదే బుజ్జీ, రెండు ఊళ్ళు. రెండింటి మధ్యా ఒక ఏరు. దాని పేరు ఎర్రేరు. ఈ దరిని మొగలికోట, ఆ దరిని ఉలవగుట్ట.

మొగలికోట వాళ్ళకి పల్లపు పొలాలూ పడవలూ ఉండేవి. ఉలవగుట్ట వాళ్ళకి గొర్రెలూ ఉలవచేలూ కొలుములూ ఉండేవి. వీళ్ళ పడవలకి మేకులు వాళ్ళు కొట్టేవాళ్ళు. వాళ్ళ పిల్లలకి వడ్లు వీళ్ళు పంపేవాళ్ళు. అలా ఒకళ్ళ మీద ఒకళ్ళు ఆధారపడి బతికేవాళ్ళు.

మొగలికోటని ముప్పమ్మ అనే రాణి ఏలేది. భర్త పోయాడు. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు కాటయ, అప్పుడప్పుడే మీసం మొలిచినవాడు. చిన్నవాడు ప్రోలయ, ఇంకా అమ్మ కొంగు పట్టుకుని తిరిగేవాడు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ఎర్రేరు సన్నటి పాయ అయిపోయింది. అప్పుడు మొగలికోట కావలివాళ్ళు రేవు మూసేశారు. "మా పశువులకే చాలడం లేదు, మీ గొర్రెల్ని తోలుకుపోండి" అన్నారు. గొర్రెలు నాలుకలు వేళ్ళాడేసి గుట్టకింద చచ్చిపడ్డాయి.

ఆ తర్వాత ఉలవగుట్ట వాళ్ళు కడుపుమండి ఏరు దాటొచ్చారు. మొగలికోట ఆవులమందని తోలుకుపోయారు. అడ్డొచ్చిన కాపరుల్ని చంపేశారు. ఆ తర్వాత ఇంకేముంది, యుద్ధం.

ఆ యుద్ధం ఒక పంటకాలంతో అయిపోతుందనుకున్నారు. అవలేదు. రెండో పంటా పోయింది. మూడో పంటా పోయింది. రెండు ఒడ్డులా ముద్ద దిగని ఇల్లే తప్ప మరో ఇల్లు లేదు. చివరికి మొగలికోటే గెలిచింది. గెలిచామని చెప్పడానికి వచ్చినవాళ్ళే కాటయని దుప్పట్లో చుట్టి మోసుకొచ్చారు.

ముప్పమ్మ కొడుకు మొహం మీద దుప్పటి తీసి చూసింది. మళ్ళీ కప్పింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది తల్లీ. ఆ ఏడుపు లోపలే గడ్డకట్టింది.

అప్పుడు ఏటి మధ్యలో ఇసకతిన్నె మీద పందిరి వేశారు, సంధి చేసుకోవడానికి. ఉలవగుట్ట రాజు ఎర్రయ వచ్చాడు. పండు ముసలివాడు. చెప్పులు లేవు, కత్తి లేదు. పక్కన మనవరాలు నాగమ, వేలు పట్టుకుని. ఆ పిల్లకి అమ్మా నాన్నా ఆ యుద్ధంలోనే పోయారు.

ముప్పమ్మ మూడు షరతులు పెట్టింది.

మొదటిది, ఉలవగుట్టలో ఇక కొలిమి వెలగకూడదు. కత్తి కాదు కదా, కొడవలి కూడా అక్కడ తయారవకూడదు.

రెండోది, గుట్టకింద పచ్చిక బయలంతా మొగలికోటది.

మూడోది, ప్రతి ఏడూ కాటయ పోయిన రోజున ఉలవగుట్టని ఏలేవాళ్ళు ఎవరైతే వాళ్ళే మొగలికోట గుమ్మం ముందుకి రావాలి. తలపాగా తీసి నేలమీద పెట్టాలి. ఊరంతా వినేట్టు "ఈ యుద్ధం తప్పంతా మాదే" అనాలి.

ముప్పమ్మకి గన్నయ అని ఒక ముసలి మంత్రి ఉండేవాడు. ఆయన రాణి దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు, "తల్లీ, మొదటి రెండూ ఉంచండి. మూడోది వదిలెయ్యండి. ముందు రేవు మూసింది మనమే. తప్పులో సగం మనదీ ఉంది."

ముప్పమ్మ ఆయన వంక చూసింది. "నా కొడుకు సగమే చచ్చాడా గన్నయ్యా?" అంది.

గన్నయ తల వంచుకున్నాడు. ఎర్రయ వేలిముద్ర వేశాడు. సంధి అయిపోయింది.

ఆ తర్వాత ఉలవగుట్టలో కొలుములన్నీ చల్లారాయి. నాగళ్ళకి కర్రులు లేవు. మొద్దు కర్రల్తో నేల గీకి ఉలవలు చల్లారు. గీకిన నేల ఏం పండుతుంది? పిల్లలు గింజ దొరక్క ఎండిపోయారు. ఇటు మొగలికోటలో పడవలకి మేకులు లేవు. పాతవి తుప్పు పట్టి ఊడిపోతుంటే పడవల్లోకి నీళ్ళొచ్చాయి. ఓడించినవాళ్ళకీ అంతే, ఓడినవాళ్ళకీ అంతే.

పచ్చిక బయలు పోయాక ఉలవగుట్ట కాపరులకి పని పోయింది. మందలు అమ్ముకున్నారు. పొద్దస్తమానం బండల మీద కూర్చుని, తమది కాకుండా పోయిన పచ్చిక వంక చూస్తూ ఉండేవాళ్ళు. కూర్చున్నవాడికి కోపం తప్ప ఇంకేం తోడు వస్తుంది?

మొదటి ఏడు గడిచింది. ఎర్రయ మొగలికోట గుమ్మం ముందుకొచ్చాడు. తలపాగా తీసి నేలమీద పెట్టాడు. ఆ మాట అన్నాడు. జనం ఈలలు వేశారు. ముప్పమ్మ ఎత్తు అరుగు మీద కూర్చుని వింది. విన్నాక గుండె కాస్త తేలికవుతుందనుకుంది. కాలేదు. 'వచ్చే ఏడు అవుతుందిలే' అనుకుంది.

రెండో ఏడు ఎర్రయకి నడక పోయింది. డోలీలో మోసుకొచ్చారు. దగ్గుతూ దగ్గుతూ ఆ మాట అన్నాడు. సగం మాట ఎవరికీ వినపడలేదు. "మళ్ళీ చెప్పు" అని జనంలోంచి ఎవరో అరిచారు. ఆయన మళ్ళీ చెప్పాడు. ఈసారి ఈలలు పెద్దగా లేవు. ముప్పమ్మ గుండె ఎక్కడిదక్కడే ఉంది.

మూడో ఏడు ఎర్రయ లేడు. రేవు దాటకముందే డోలీలోనే ప్రాణం పోయింది. జనం "ఈ ఏటికి లేనట్టే" అనుకుని లేవబోతున్నారు. అప్పుడు నాగమ వచ్చింది.

తాత తలపాగా ఆ చిన్న తలకి చుట్టారు. అది కళ్ళమీదికి జారిపోతోంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, అంత వాకిలీ ఒక్కతే నడిచొచ్చింది. పాలపళ్ళన్నీ ఇంకా ఊడని పిల్ల. తలపాగా తీసింది. నేలమీద పెట్టింది.

గన్నయ చటుక్కున ముప్పమ్మ వైపు తిరిగాడు. "వద్దనండి తల్లీ. ఒక్క మాట, వద్దమ్మా అనండి. చాలు" అన్నాడు.

ముప్పమ్మ నోరు తెరిచింది. పక్కన ప్రోలయ ఉన్నాడు. ఆ పిల్లా వీడూ ఇంచుమించు ఒక ఈడు వాళ్ళే. కానీ ఎదురుగా జనం. వెనకాల కాటయ ఖాళీ పీట. వద్దు అంటే కొడుకుని మర్చిపోయిందంటారేమో. మాట పెదవి దాకా వచ్చి ఆగిపోయింది.

"ఈ యుద్ధం తప్పంతా మాదే" అంది నాగమ. ఏడవలేదు. తడబడలేదు. ఆ తర్వాత తలెత్తి ముప్పమ్మని చూసింది, పక్కనున్న ప్రోలయని చూసింది. తలపాగా తీసుకుని దుమ్ము దులిపి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు ఈల వేసినవాడు ఒక్కడూ లేడు.

ఇంటికొచ్చి గన్నయ మంచం పట్టాడు. చూడ్డానికొచ్చిన ముప్పమ్మతో, "ముసలాయన అన్న మాట ముసలాయనతో పోయేది. పసిదాని చేత అనిపించిన మాట దాంతోపాటే పెరుగుతుంది తల్లీ" అన్నాడు. కొన్నాళ్ళకి కన్ను మూశాడు.

ఆ మాట అలాగే పెరిగింది. నాగమ ఏటేటా వచ్చింది. ఏటేటా కాస్త పొడుగై వచ్చింది. ముందు తలపాగా సరిపోయింది. ఆ తర్వాత బిగుతైంది. వచ్చినప్పుడల్లా ఆమె వెనక నిలబడే కుర్రాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళెవరూ మాట్లాడేవాళ్ళు కాదు. వినేవాళ్ళు, అంతే.

అప్పుడు గుట్ట వెనక గుహల్లో కొలుములు మళ్ళీ వెలిగాయి. చల్లారిన కొలిమిని వెలిగించడం ఎంత పని? నిప్పు వాళ్ళ గుండెల్లోనే ఉందాయె.

ఒక ఏడు ఆ రోజు వచ్చింది. మొగలికోట జనం వాకిట్లో కూర్చున్నారు. పొద్దెక్కింది. పొద్దు వాలింది. నాగమ రాలేదు. ఆమెకి బదులు ఆమె దండు వచ్చింది.

ప్రోలయ అప్పటికి పెద్దవాడయ్యాడు. అచ్చం అన్నలాగే మీసం. డాలు తీసుకుని బయల్దేరుతుంటే ముప్పమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నువ్వు వద్దురా నాయనా. వాళ్ళకేం కావాలో ఇచ్చేద్దాం. నేను చూసుకుంటాను."

"ఇన్నేళ్ళూ అన్నయ్య పేరు చెప్పి ఆ పిల్ల చేత ఆ మాట అనిపించాం కదమ్మా. ఇప్పుడు తమ్ముడు ఇంట్లో దాక్కుంటే ఏం బాగుంటుంది?" అన్నాడు ప్రోలయ.

ఆ ఆనవాయితీ పెట్టింది తనే. అదే తప్పని ఇప్పుడు కొడుక్కి ఎలా చెప్తుంది? ముప్పమ్మ చేతులు గుమ్మం మీదనుంచి జారిపోయాయి. వాడు వంగి కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

తిరిగి రాలేదు తల్లీ. ఈసారి దుప్పట్లో చుట్టి తీసుకొచ్చేవాళ్ళు కూడా మిగల్లేదు. మొగలికోట ఓడిపోయింది.

మళ్ళీ ఇసకతిన్నె మీద పందిరి పడింది. ఈసారి చెప్పులు లేకుండా నడిచొచ్చింది ముప్పమ్మ. జుట్టంతా తెల్లబడిపోయింది. ఎదురుగా నాగమ. నుదుటి మీద కత్తి గాటు, ఇంకా పచ్చిగానే ఉంది. చుట్టూ ఆమె పెద్దలు నిలబడ్డారు.

"అవే మూడు షరతులు పెట్టండి రాణీ. ఒక్కటి కూడా తగ్గడానికి వీల్లేదు" అన్నారు పెద్దలు.

నాగమ ముప్పమ్మని అడిగింది, "మీరేమంటారు?"

"కత్తులు దించమనమ్మా, దించేస్తాం. బయలు తీసుకో, నీదే. నా చేత ఆ మాట కూడా అనిపించుకో, ఈ తిన్నె మీదే ఇప్పుడే అంటాను, అనాల్సినదాన్నే. నేను పోయాక మా పసిపిల్లల చేత మాత్రం అనిపించకు. నేను చేసిన పని నువ్వు చెయ్యకు."

నాగమ అడిగింది, "ఒక్కటి చెప్పండి. మా తాత అన్నప్పుడు, నేను అన్నప్పుడు, మీ కడుపు చల్లబడిందా?"

"లేదమ్మా" అంది ముప్పమ్మ. "ఒక్క ఏడు కూడా చల్లబడలేదు. చల్లబడుతుందేమోనని ఏటేటా చూశాను. నువ్వు తలపాగా పెట్టుకొచ్చిన రోజున వద్దని అనబోయాను. మాట నోటి దాకా వచ్చింది. అనలేకపోయాను. అని ఉంటే ఇవాళ నా ప్రోలయ ఉండేవాడు. నీవాళ్ళూ ఉండేవాళ్ళు."

అప్పుడు ఏడ్చింది ముప్పమ్మ. కాటయని తెచ్చిన రోజున గడ్డకట్టిన ఏడుపంతా అప్పుడు కరిగింది. శత్రువుల ముందు, ఇసకలో కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది. నాగమ లేచొచ్చి ఆమెని ముట్టుకోలేదు. క్షమించాననీ అనలేదు. అంత తేలికా మరి? కానీ ఆ ఏడుపు ఆగేదాకా ఎవరినీ నోరెత్తనివ్వలేదు.

ఆ తర్వాత నాగమ సంధి చెప్పింది. పచ్చిక బయలు ఉలవగుట్టకి తిరిగిచ్చెయ్యాలి. ఉలవగుట్టలో కొలుములు దాపరికం లేకుండా వెలగొచ్చు. కరువొచ్చినా సరే, రేవు ఎవరూ ఎవరికీ మూయకూడదు.

"మరి మూడోది?" అన్నారు పెద్దలు. "వాళ్ళ చేత ఆ మాట అనిపించరా?"

"అనిపిస్తే ఏమవుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళెవరు ఇక్కడ?" అంది నాగమ.

పెద్దలు గొణుక్కున్నారు. కొందరు మొహాలు తిప్పుకుని వెళ్ళిపోయారు. కానీ సంధి నిలిచింది. నిలవడమంటే నిలిచింది. ఏళ్ళు గడిచాయి. వడ్లు అటు వెళ్ళాయి, మేకులు ఇటు వచ్చాయి.

ముప్పమ్మ చాలా కాలం బతికింది. రెండు ఒడ్డుల వాళ్ళూ మొదటిసారి వియ్యమందుకున్నప్పుడు పెద్దదిక్కని ఆమెనే పిలిచారు. వెళ్ళింది. పీటల మీద ఉలవగుట్ట పిల్లా, మొగలికోట పిల్లవాడూ కూర్చున్నారు. అక్షింతలు వేసింది. "నూరేళ్ళు బతకండి" అంది.

అందరూ భోజనాలకి లేచారు. ముప్పమ్మ మాత్రం కదల్లేదు. పెళ్ళికొడుకు నవ్వుతూ వచ్చి "రండి నాయనమ్మా, మీరు కూర్చుంటేనే మేం కూర్చునేది" అని చెయ్యి పట్టుకున్నాడు. ముప్పమ్మ ఆ చెయ్యి వదల్లేదు. రెండు చేతులతో పట్టుకుని, దాని వెచ్చదనం చూసుకుంటూ, విస్తళ్ళు చల్లారిపోయేదాకా అలాగే నిలబడిపోయింది.

కథ కదిలి కంచికెళ్ళింది,
మనసు మళ్ళి ఇంటికొచ్చింది,
కునుకొచ్చి కంట్లో కూర్చుంది,
కోపాన్ని గడప దాటి పొమ్మంది.