నీలకంఠం రాసిన సెలవు ఉత్తరం

ఇప్పలకోన అడవిలో ఎలుగుబంట్లు, దుప్పులు, కోతులు, నెమళ్ళు, ముళ్ళపందులు ఉండేవి. ఏ అడవికీ లేని గొప్ప ఒకటి ఆ అడవికి ఉంది. అక్కడ బడి ఉంది. మనుషులు అడవిలో పాతే బోర్డులన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కనుక ఏడో తరగతిలో ఇంగ్లీషు కూడా చెప్పేవారు. చెప్పేది కొండముచ్చు టీచరు.

ఆమె ప్రతి సోమవారం ఇంగ్లీషులో రాయడానికి ఒక విషయం ఇచ్చేది. "పొద్దున మీ గుమ్మం ముందు ఏం చూశారో రాయండి." "మీ నాన్న దేనికి భయపడతాడో రాయండి."

క్లాసు లీడరు నీలకంఠం అనే నెమలి. వనభోజనాలకు వచ్చినవాళ్ళు వదిలేసిన ఇంగ్లీషు పరీక్షల గైడు ఒకటి వాడికి దొరికింది. అందులో ఉన్నది బట్టీపట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో దించేసేవాడు. ఒక్క తప్పు ఉండేది కాదు.

"ఒరే నీలకంఠం, మీ నాన్న బ్యాంకు మేనేజరా?" అని టీచరు ఒకసారి అడిగింది.

"గైడులో అలాగే ఉంది టీచర్."

"మరి మీ నాన్న సంగతి?"

"ఆయన గురించి గైడులో లేదు టీచర్."

సూదమ్మ అనే ముళ్ళపంది పిల్ల తను చూసిందే రాసేది. "మా నాన్నకు టార్చిలైటంటే భయం. వెలుగు పడితే నన్ను వెనక్కి నెట్టి తను ముందు నిలబడతాడు" అని రాసింది. ఆ రెండు వాక్యాల్లో ఐదారు తప్పులున్నాయి. టీచరు ఎర్ర ఇంకుతో అన్నీ దిద్ది, కింద "తర్వాత ఏమైంది?" అని రాసింది. సూదమ్మ అదీ రాసుకొచ్చింది.

"నీ కాగితం మీద దానిమ్మకాయ పగిలిందా ఏంటే?" అని నీలకంఠం పింఛం విప్పి నవ్వాడు.

ఎండాకాలం వచ్చింది. వాగు ఎండిపోయింది. జంతువుల కోసం కట్టిన సిమెంటు తొట్టిని రోజూ పొద్దున ఒక ట్యాంకరు వచ్చి నింపేది. ఆ తొట్టి అడుగున పగిలింది. డ్రైవరు నీళ్ళు పోసి వెళ్ళిపోయేవాడు. మధ్యాహ్నానికి చుక్క మిగిలేది కాదు. ఒక దుప్పి పిల్ల నిలబడలేక కూలబడింది.

డ్రైవరుకు ఉత్తరం రాయాలని అందరూ అనుకున్నారు.

"నీలకంఠం రాస్తాడు. పదికి పది తెచ్చుకునేది వాడే" అన్నాడు ఎలుగుబంటి తాత.

"సూదమ్మ చేత కూడా రాయిద్దాం" అంది టీచరు.

"తప్పుల కాగితం పంపి అడవి పరువు తీస్తామా టీచరమ్మా?"

నీలకంఠం చకచకా రాసేశాడు. టీచరు చూపించమంది. "నా దాంట్లో దిద్దేదేముంటుంది టీచర్?" అని చూపించకుండానే తొట్టి గట్టు మీద రాయి కింద పెట్టేశాడు.

మర్నాడు డ్రైవరు నీళ్ళు పోసి, ఆ కాగితం తీసి చదివాడు. "అయ్యా, నాకు జ్వరముగా ఉన్నందున రెండు రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన."

"అడవికి సెలవంట! అయితే నాకూ సెలవే" అని నవ్వుకుంటూ వెళ్ళాడు. రెండు రోజులు ట్యాంకరు రాలేదు.

"ఏం రాసి చచ్చావురా?" అని తాత గర్జించాడు.

నీలకంఠం ఎండిన తొట్టిలో ముక్కు తెరుచుకుని పడి ఉన్నాడు. "ఉత్తరమే రాశాను తాతా. గైడులో ఒక్కటే ఉత్తరం ఉంది."

ఇంకెవరికీ తిట్టే ఓపిక లేదు.

ఈసారి సూదమ్మ రాసింది. టీచరు పక్కన కూర్చుని "తర్వాత ఏమైంది?" అని అడుగుతూ పోయింది. తప్పులు దిద్దుదామనుకునేలోపే ట్యాంకరు చప్పుడు వినిపించింది. కాగితం అలాగే రాయి కింద పెట్టి, పొదల్లో దాక్కున్నారు.

డ్రైవరు నీళ్ళు పోసి, కాగితం తీసి, తప్పులు చూసి పకపకా నవ్వాడు. చదివేకొద్దీ నవ్వు ఆగిపోయింది. "తొట్టి అడుగున పగులు ఉంది. మీరు పోసిన నీళ్ళు మధ్యాహ్నానికి ఉండవు. దుప్పి పిల్ల తొట్టి కింద తడి మట్టి నాకింది. దాని మూతికి ఇంకా ఆ మట్టి ఉంది."

అతను నేల మీద పడుకుని తొట్టి కిందికి చెయ్యి పెట్టాడు. చేతికి బురద అంటుకుంది. అప్పటికి పక్కనే కూలబడి ఉన్న దుప్పి పిల్లకు బకెట్టుతో నీళ్ళు పెట్టి, సాయంత్రానికి సిమెంటు, తాపీ మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు.

తొట్టి నిండింది. నిండి నిలిచింది. "మా బడి పిల్ల రాసిన ఉత్తరం!" అని ఎలుగుబంటి తాత పక్క అడవులన్నిటికీ చెప్పుకొచ్చాడు. తప్పుల సంగతి మాత్రం ఎత్తలేదు. కోతిపిల్లలు నీలకంఠాన్ని వదల్లేదు. "జ్వరం తగ్గిందా, సెలవుగారూ?" అని కొమ్మ కొమ్మ మీంచీ అడిగాయి.

నీలకంఠం సూదమ్మ దగ్గరికి వెళ్ళాడు. "ఆ వాక్యాలు నీకు ఏ గైడులో దొరికాయే?"

"మన తొట్టి ఏ గైడులో ఉంటుందిరా?" అంది సూదమ్మ.

మరుసటి సోమవారం నీలకంఠం గైడు చూడకుండా మూడే వాక్యాలు రాశాడు. మూడింటి నిండా ఎర్ర ఇంకే. కింద మాత్రం టీచరు "తర్వాత ఏమైంది?" అని రాసింది. వాడు ఆ కాగితాన్ని పట్టుకుని, పింఛం విప్పి, అడవంతా తిరిగి చూపించాడు.

నీతి: బట్టీపట్టిన మాట మార్కులు తెస్తుంది. అవసరం వచ్చినప్పుడు పనికొచ్చేది మన కళ్ళతో చూసి రాసిన మాటే.