పైడయ్య దారి

అనగా అనగా, మా ముత్తవ్వకు ముత్తవ్వ కూడా పుట్టని రోజుల్లో, ఒక కాలువ నీళ్ల కోసం రెండు ఊళ్లు కొట్టుకు చచ్చేవి. రాజుగారికి విసుగొచ్చింది. రాజులకు విసుగొస్తే మనుషుల్ని పంపుతారు కదా, ముప్పైమంది బంట్లను పంపాడు. "రెండూళ్ల నడుమ సున్నంతో గీత గీయండి. ఎవర్నీ దాటనివ్వకండి. మీరూ దాటకండి. ఎవరి మీదా చెయ్యెత్తకండి" అని హుకుం.

ఆ ముప్పైమందిలో ఒకడు పైడయ్య. చేలో కలుపు తీసుకు బతికేవాడు. తగువు ఆపడం మంచి పనే కదా అని సంతోషంగా వెళ్లాడు.

ఒక మధ్యాహ్నం ఎగువూరివాళ్లు కొండ చుట్టూ తిరిగి వచ్చి దిగువూరికి నిప్పు పెట్టారు. ఒక ముసలమ్మ మనవరాలిని చంకనేసుకుని గీత దాకా పరిగెత్తుకొచ్చింది. వెనకాల కత్తులు పట్టుకుని వాళ్లు. పైడయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"మమ్మల్ని ఇటు రానీ బాబూ."

"గీత దాటకూడదమ్మా. హుకుం."

"పోనీ, ఈ గుంటనైనా అందుకో బాబూ" అంటూ మనవరాలిని ముందుకు చాచింది.

"హుకుం అమ్మా."

మూడోసారి ఆమె ఏమీ అడగలేదు. ఊరికే చూసింది. పైడయ్య కాలు లేపాడు. మళ్లీ అక్కడే పెట్టాడు. అంతలో వాళ్లు వచ్చేశారు. పది అడుగుల దూరంలో జరిగిందంతా అతను నిలబడి చూశాడు.

హుకుం తప్పలేదని రాజుగారు పైడయ్యకు తలపాగా కట్టించి ఇంటికి పంపాడు. ఊళ్లో డప్పులు కొట్టారు. ఒంటి మీద ఒక్క గాయం లేకుండా వచ్చాడని దిష్టి తీశారు. పైడయ్య మాత్రం తన వాకిట్లో ముగ్గు చూసి ఆగిపోయాడు. అది దాటలేక వీధిలోనే కూలబడ్డాడు.

వైద్యుడు వచ్చి నాడి చూశాడు. జబ్బు లేదన్నాడు. భూతవైద్యుడు వచ్చి వేపమండలతో కొట్టాడు. దయ్యం లేదన్నాడు. ఊరిపెద్ద వచ్చి, జరిగిందంతా విని, "నువ్వేటి సేస్తావురా, హుకుం రాజుది" అన్నాడు.

"హుకుం రాజుదే బాబూ. కాలు నాది" అన్నాడు పైడయ్య.

ఆ మాట విని అతని భార్య గౌరమ్మ గడప దిగింది. వంగి, ముగ్గులో ఒక అడుగు పట్టేంత మేర అరచేత్తో చెరిపేసింది. "ఇక్కడ గీత నేదు. రా" అంది. పైడయ్య ఆ సందులోంచే ఇంట్లోకి వెళ్లాడు. అన్నం తిన్నాడు.

నయమైపోయిందనుకుంటున్నారా? అంత సులువా! తెల్లారితే చాలు, ఇంటింటికీ వెళ్లి ముగ్గులో అడుగు మేర చెరిపేవాడు. ముగ్గు తెగితే ఇంటికి మంచిది కాదు మరి, ఆడవాళ్లు తిట్టేవారు. "ఎవరైనా పరిగెట్టుకొస్తారేమో తల్లీ" అనేవాడు. తిట్టీ తిట్టీ వాళ్లు అలిసిపోయారు. చెరిపీ చెరిపీ అతనూ అలిసిపోయాడు. ఒక ఎండాకాలం కన్నుమూశాడు.

మర్నాడు వీధిలో ముగ్గులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అందరికంటే ఎక్కువ తిట్టిన సన్యాసమ్మే ముందు వంగింది. అడుగు మేర చెరిపింది. తర్వాత పక్కింటామె. ఆ తర్వాత వీధి వీధంతా.

ఇప్పటికీ ఆ ఊళ్లో ముగ్గును పూర్తిగా కలపరు. ఆ ఖాళీని పైడయ్య దారి అంటారు. ఎవడైనా "నేనేటి సేస్తాను, పెద్దోళ్లు సెప్పారు" అంటే, "కాలు ఎవలిదిరా?" అని అడుగుతారు. ఆ ముసలమ్మ ఇంతవరకూ రాలేదు. రాదని వాళ్లకూ తెలుసు. అయినా రేపు పొద్దున కూడా అడుగు మేర వదులుతారు.