గూటికి పెరిగిన గొట్టం

అనగనగా, మబ్బులు వాగు నీళ్ళలో ముఖం చూసుకునే కాలంలో, ఒక ఈతచెట్టు నిండా గిజిగాళ్ళ గూళ్ళు వేలాడుతుండేవి. అన్నిటిలోకీ చక్కని గూడు దర్భయ్యది. అతని ముక్కు పడితే గడ్డిపోచ కూడా పట్టుదారమవుతుందని చెప్పుకునేవారు.

దర్భయ్యకూ, అతని ఇల్లాలు తుంగమ్మకూ ఒక్కగానొక్క బిడ్డ పుట్టాడు. చిగురు అని పేరు పెట్టుకున్నారు. వాడి కుడిరెక్క నిండుగా ఉంది. ఎడమరెక్క మాత్రం విచ్చుకోని మొగ్గలా ఒంటికి అంటుకుని ఉండిపోయింది.

మొదట పక్కగూటి పెద్దత్త చూసిపోవడానికి వచ్చింది. "గ్రహణం పూట గడ్డి చీల్చావా అల్లుడూ?" అంది. దర్భయ్య గుండెలో ముల్లు దిగింది. ఆమె అటు వెళ్ళగానే, ఇంకెవరూ తొంగిచూడకుండా గూటి వాకిలికి జానెడు గొట్టం అల్లాడు.

తరువాత రామచిలుక వచ్చింది. "వీడు ఎగిరేదెప్పుడు, నువ్వు మేపడం మానేదెప్పుడు బావా?" అని నవ్వింది. గొట్టం ఇంకో జానెడు పెరిగింది.

మూడోసారి గోరింక వచ్చింది. వెక్కిరించలేదు. "అయ్యో, పాపం" అని కళ్ళు ఒత్తుకుంది. ఆ జాలి దర్భయ్యను మరీ కాల్చింది. గొట్టం మరో జానెడు దిగింది.

"నాన్నా, వాగు ఏదీ? కనబడట్లేదు" అన్నాడు లోపలినుంచి చిగురు.

తుంగమ్మ ఉండబట్టలేక అడిగింది. "ఎవరికోసమయ్యా ఈ అల్లిక?"

"వాడికోసమే. లోకం నోరు మంచిది కాదు." దర్భయ్య తల దించుకున్నాడు. "ఆ గ్రహణం పూట నేను నిజంగానే గడ్డి చీల్చానే."

"ఈ చెట్టుమీది మగాళ్ళందరూ చీల్చారు. వాళ్ళ పిల్లలకు రెక్కలు రాలేదా? నువ్వు కారణం వెతుక్కుంటూ కూర్చో. వాడికి ఆకలేస్తూనే ఉంటుంది."

కానీ కొన్నాళ్ళకు ఆ ఆకలీ పోయింది. చిగురు కిచకిచలు మానేశాడు. తల్లి ఏం తెచ్చినా నోరు తెరవలేదు. బిడ్డ దక్కడేమోనని దర్భయ్య వణికిపోయాడు. పాలుగారే జొన్నగింజ ముక్కున కరుచుకుని గొట్టంలో పాకి వెళ్ళాడు. లోపల ఎంత చీకటంటే, కన్నబిడ్డ ముఖం అతనికే కనబడలేదు.

"తిను నాయనా."

"నేనేం తప్పు చేశాను నాన్నా?" అంది చీకట్లోంచి ఒక చిన్న గొంతు.

దర్భయ్య వెనక్కి పాకాడు. బయటికొచ్చి, పట్టపగలు, అందరి ఎదుటా ఆ గొట్టాన్ని పోచపోచగా విప్పసాగాడు. అల్లిన గూడు విప్పడం గిజిగాడికి తలవంపు. చెట్టంతా వింతగా చూసింది.

"మతి పోయిందా అల్లుడూ? బిడ్డ అందరి కళ్ళా పడతాడు" అంది పెద్దత్త.

"పడనీ అత్తా. వాడి కళ్ళా మీరందరూ పడతారుగా."

వెలుగు లోపలికి దూకింది. చిగురు గడపలోకి వచ్చాడు, కళ్ళు చికిలించాడు, నోరు తెరిచాడు. తుంగమ్మ గింజ పెట్టింది. మింగి, మళ్ళీ తెరిచాడు.

విప్పిన గడ్డితో దర్భయ్య గడప నుంచి కొమ్మదాకా వలలాంటి బాట అల్లాడు. చిగురు జారాడు, వేలాడాడు, లేచి నడిచాడు. ఎవరూ పిలవకుండానే చెట్టుమీది పిల్లలంతా ఆ బాటమీద వాలారు.

"మావాడికి రెండు రెక్కలూ ఉన్నాయి, అయినా ఆ ఉయ్యాల దిగడు" అని పెద్దత్త సణుక్కుంది.

బిడ్డ లోటును దాచాలని అల్లిన తెర బిడ్డనే దాచేస్తుంది. కన్నవారి నేర్పు ఉన్నది వాడికి దారి వెయ్యడానికి.