పళ్ళెంలో లేని బంతి

అనగనగా, కొండలు ఇప్పటికంటె కొంచెం ఎత్తుగా ఉండేవని పెద్దలు చెప్పుకొనే రోజులలో, నందినీ నది ఒడ్డున పడవలరేవు అనే పట్టణం ఉండేది.

ఆ పట్టణంలో నలుగురు మిత్రులు ఉండేవారు. కుసుమశెట్టి గంధపు వర్తకుడు. అవధానయ్య వైద్యుడు. సాంబన్న నేతగాడు. పోలన్న పడవ నడిపేవాడు. వృత్తులు వేరు, వీధులు వేరు. అయినా ప్రతి ఏకాదశి సాయంత్రమూ నలుగురూ నది ఇసుకలో కోలబంతి ఆడేవారు.

కోలబంతి అంటే కష్టమైన ఆట కాదు. చివర వంపు తిరిగిన కోలతో చెక్కబంతిని కొట్టి, దూరాన తవ్విన గుంటలో పడవేయాలి. తక్కువ దెబ్బలలో వేసినవాడు గెలిచినట్టు. కాని ఇసుకలో బంతి దొర్లదు. పడినచోటనే కూరుకొనిపోతుంది. పోలన్న తప్ప తక్కిన ముగ్గురికీ తెలిసిన ఆట అదే.

పోలన్న మాత్రం వేరే నేల చూసినవాడు. పడుచుతనంలో ఒక రాజుగారి సామాను మోస్తూ పొగకొండ ఎక్కాడు. ఆ కొండ నెత్తిన విశాలమైన పచ్చికబయలు ఉన్నది. రాజుగారు అక్కడ కోలబంతి ఆడుతూ ఉంటే, పోలన్న తలమీది మూట దించి, పక్కన నిలుచుని చూశాడు.

"అక్కడ బంతి ఆగదు," అనేవాడు. "గడ్డిమీద మెల్లగా పోయి పోయి, ఎటు వెళ్ళాలో ఆలోచించుకొంటున్నట్టు కాస్త నెమ్మదిస్తుంది. మళ్ళీ కదులుతుంది."

"బంతి ఆలోచిస్తుందా బావా? అయితే నీకంటె నయమే," అనేవాడు సాంబన్న.

అందరితోపాటు పోలన్న కూడా నవ్వేవాడు. కాని ఆనాడు కోల ముట్టుకొనే అర్హత అతనికి లేకపోయింది. ఒక్కసారి తన ముగ్గురు మిత్రులతో కలిసి ఆ పచ్చికమీద ఆడాలి. అతనికి ఉన్న కోరిక అదొక్కటే.

ఈ నలుగురికీ ఒక పద్ధతి ఉండేది. ఎక్కడికైనా కలిసి వెళ్ళదలచినప్పుడు కుసుమశెట్టి తన అరుగుమీద ఒక ఇత్తడి పళ్ళెం పెట్టేవాడు. రాదలచినవారు ఆ పగటివేళ ఎప్పుడైనా వచ్చి, తమ బంతిని అందులో ఉంచి పోవాలి. సాయంత్రానికి నాలుగు బంతులూ ఉంటే ప్రయాణం ఖాయం. ఒక్కటి లేకపోయినా ఆ ఏటికి ప్రయాణం లేదు. బంతులకు గుర్తులు ఉండేవి కనుక రానివాడు ఎవరో తెలిసేది. కాని ఎందుకు రావని అతనిని అడగరాదు.

ఈ చివరి నియమం దయవల్ల పుట్టింది. ఒకప్పుడు సాంబన్న జాతరకు రానంటే ముగ్గురూ నిలదీశారు. భార్య తొమ్మిది రోజులుగా తనతో మాట్లాడడం లేదనీ, అన్నం గిన్నె గడప దగ్గర పెట్టి పోతున్నదనీ, జాతరకు వెళితే ఇక ఆ గిన్నె కూడా ఉండదనీ అతడు చెప్పవలసి వచ్చింది. మిత్రులు నెల రోజులు నవ్వారు. ఆ నెల రోజులూ సాంబన్న ఆటకు రాలేదు. అప్పుడు వారు నొచ్చుకొని, ఇకమీదట ఒకరి కారణం ఒకరు అడగరాదని నిశ్చయించుకొన్నారు. అదే గౌరవమని నమ్మారు.

పొగకొండ ప్రయాణానికి ఏర్పాట్లన్నీ కుసుమశెట్టివి. ఏ కనుమ గుండా ఎక్కాలి, ఏ సత్రంలో దిగాలి, దారిలో వంట ఎవరిది, చలికి ఎన్ని కంబళ్ళు కావాలి, అన్నీ తాటాకుమీద రాసుకొన్నాడు. మార్గశిరంలో వెళదామన్నాడు. పళ్ళెం పెట్టాడు.

మొదటి ఏడు సాంబన్న బంతి పళ్ళెంలో లేదు. మగ్గంమీద హంసల అంచు చీర సగంలో ఉన్నది. దానిని వదిలి రావడానికి అతనికి మనసు ఒప్పలేదు. ఎవరూ అడగలేదు. వచ్చే ఏడు వెళదామనుకొన్నారు. కొండ ఎక్కడికీ పోదులే అన్నాడు పోలన్న.

రెండవ ఏడు కుసుమశెట్టే తన బంతి పెట్టలేదు. సత్రానికి కొత్త కప్పు వేస్తున్నారనీ, మరుసటి ఏటికి గదులు బాగుంటాయనీ ఎవరో చెప్పారు. తన ఏర్పాటులో లోపం ఉండడం ఆయనకు సహించదు. ఎవరూ అడగలేదు. పోలన్న ఆ సాయంత్రం మూడు బంతులున్న పళ్ళెంవైపు కొంచెంసేపు చూసి, పడవ కట్టివేయాలంటూ వెళ్ళిపోయాడు.

మూడవ ఏడు ఏ లోపమూ లేదు. సత్రం సిద్ధమయింది. దారి బాగున్నది. ఊరగాయ జాడీలు, కంబళ్ళు మోయడానికి శెట్టి రెండు డోలీలు కూడా మాట్లాడాడు. సాయంత్రం ముగ్గురూ అరుగు దగ్గర చేరి చూస్తే, పళ్ళెంలో పోలన్న బంతి లేదు.

"మూడేళ్ళు మన బుర్రలు తినివేసినవాడే చివరికి వెనుకంజ వేశాడు," అన్నాడు శెట్టి.

"బంతితోపాటు తానూ ఆలోచిస్తున్నాడేమో," అన్నాడు సాంబన్న.

అవధానయ్య తన బంతి తీసుకొని ఇంటిదారి పట్టాడు. ఎవరూ పోలన్న ఇంటికి వెళ్ళలేదు. శెట్టి పళ్ళెం తీసి లోపల పెట్టాడు.

ఆ తరువాతి ఏకాదశులకు పోలన్న వచ్చేవాడు గాని ఆడేవాడు కాదు. గుంట దగ్గర కూర్చుని, పడిన బంతులు తీసి ఇచ్చేవాడు. ఆట మానినందుకు కూడా ఎవరూ కారణం అడగలేదు. మాఘంలో రావడం మానేశాడు. ఫాల్గుణం గడవకముందే కన్నుమూశాడు.

పదవనాడు ముగ్గురూ అతని ఇంటికి వెళ్ళారు. పోలన్న భార్య గంగాయి చాప పరిచింది. శెట్టి, ఒంట్లో బాగాలేదని ఒక్క మాటైనా చెప్పలేదేమమ్మా అన్నాడు.

గంగాయి నెమ్మదిగా చెప్పింది. వానాకాలంలోనే ఆయనకు కాళ్ళు వాచాయి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. పళ్ళెం పెట్టిన రోజు పొద్దుటినుంచీ బంతి ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు. కొండ ఎక్కలేరు. తనను మోసుకొని పొమ్మనడానికి నోరు రాలేదు. తనవల్ల అందరికీ ఆలస్యమవుతుందని బంతి పెట్టలేదు.

"దీపం పెట్టే వేళదాకా గడపలోనే కూర్చున్నారు అన్నగారూ. మీలో ఎవరో ఒకరు వస్తారనుకొన్నారు. వచ్చి ఎందుకని అడిగితే చెప్పేవారు. అడగనిదే చెప్పుకోవడానికి సిగ్గుపడ్డారు."

"అడగకూడదని మా పద్ధతి తల్లీ," అన్నాడు శెట్టి.

"తెలుసు. ఆయనా అదే అన్నారు. అయినా కూర్చున్నారు."

కుసుమశెట్టికి తాను మాట్లాడిన రెండు డోలీలు గుర్తుకు వచ్చాయి. ఒకదానిలో ఊరగాయ జాడీలు పెట్టాలనుకొన్నాడు. మనిషి కూర్చోవడానికి చేసిన డోలీ అది. ఆ సంగతి ఆయన గంగాయితో అనలేకపోయాడు. ఆ తరువాత చాలా ఏళ్ళకు గాని ఎవరితోనూ అనలేకపోయాడు.

మార్గశిరం మళ్ళీ వచ్చింది. పోలన్న కోరిక తీరకుండా పోయినా, అతడు చెప్పిన చోటు ఒక్కసారి చూసి రావాలని శెట్టి పళ్ళెం పెట్టాడు. సాయంత్రానికి రెండే బంతులు ఉన్నాయి. అవధానయ్యది లేదు.

శెట్టి అలవాటు ప్రకారం పళ్ళెం ఎత్తబోయాడు. సాంబన్న ఆయన చేయి పట్టుకొన్నాడు. ఏ నాడో తాను సిగ్గుపడినందుకు పుట్టిన నియమం అది. దానిని తానే దాటదలచాడు. శెట్టిని వెంటబెట్టుకొని అవధానయ్య ఇంటికి నడిచాడు.

వైద్యుడు మందు నూరే కల్వం ముందు కూర్చుని ఉన్నాడు. కల్వంలో మందు ఏమీ లేదు.

"మీ బంతి లేదు అవధానయ్యగారూ," అన్నాడు సాంబన్న. "ఎందుకని అడగడానికి వచ్చాను. చెప్పేవరకూ కదలను."

అవధానయ్య కల్వం పక్కకు జరిపాడు.

"అతని కాళ్ళు నేను చూశాను సాంబన్నా," అన్నాడు. "ఆ ఏడు శ్రావణంలోనే చూశాను. పడవ దిగుతుంటే పంచె పైకి తొలగింది. వేలితో నొక్కితే గుంట పడే వాపు అది. వైద్యుణ్ణి, నాకు తెలియదా? చెప్పుకోవాలనుకొంటే అతడే చెబుతాడులే అనుకొన్నాను. మన పద్ధతిని అడ్డం పెట్టుకొని ఊరుకొన్నాను. నాలుగు నెలలు మందు ఇచ్చి ఉంటే కొండ ఎక్కేవాడో లేదో చెప్పలేను. బతికి మాత్రం ఉండేవాడేమో. ఆ పచ్చికమీద ఏ ముఖంతో నిలబడను?"

సాంబన్న వైద్యుని ఎదుట కూర్చున్నాడు.

"నా సంగతీ వినండి," అన్నాడు. "ఆ రోజు పోలన్న బంతి లేదని చూడగానే నా ప్రాణం తేలికపడింది. మగ్గంమీద ఇంకో చీర ఉన్నది. మరో ఏడు గడువు దొరికిందనుకొని, పైగా అతనిమీద హాస్యమాడాను. మీరు చూసి ఊరుకొన్నారు. నేను చూడను కూడా లేదు. మన ముగ్గురిలో అక్కడ నిలబడే ముఖం ఎవరికీ లేదు. అందుకే ముగ్గురమూ వెళదాం."

మూడవనాడు వారు బయలుదేరారు. దారిలో అవధానయ్యకు మోకాలు నొప్పి పుడితే, సాంబన్న అడిగాడు, ఆయన దాచకుండా చెప్పాడు, ఆగి నడిచారు. బయలుదేరిన నాలుగవనాటికి పొగకొండ నెత్తికి చేరారు.

పచ్చికబయలు ఉన్నది. శెట్టి మొదటి దెబ్బ కొట్టాడు. బంతి గడ్డిమీద పోయి పోయి, ఒకచోట నెమ్మదించింది. ఆగిపోయిందనుకొన్నారు. అది మళ్ళీ కదిలింది.

పోలన్న చెప్పింది చెప్పినట్టే ఉన్నది. నీ మాట నిజమేనయ్యా అని చెబుదామంటే అతడు లేడు.

ఆట చివరివరకూ ఆడారు. గెలిచింది సాంబన్న.

కొండ దిగి వచ్చిన తరువాత వారు తమ పద్ధతి మార్చుకొన్నారు. పళ్ళెంలో ఎవరి బంతి లేకపోతే, తక్కినవారు ఆ సాయంత్రమే అతని ఇంటికి వెళ్ళి, గడపలో కూర్చుని, నవ్వకుండా కారణం అడిగేవారు. ఆ పట్టణంలో తరువాతివారు కూడా చాలాకాలం అలాగే చేశారు. పోలన్నకు మాత్రం ఆ పద్ధతి అక్కరకు రాలేదు.

కనుక పిల్లలూ, తోటివాడు వెనుకాడినప్పుడు గౌరవమనుకొని మౌనంగా ఉండవద్దు. వెళ్ళి ఎందుకని అడగండి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాడు ఎల్లకాలమూ ఉండడు.