బుచ్చిలింగం బుగ్గన లాటిన్ చుక్క

మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క సముద్రం ఉన్న ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. రాజ్యం చిన్నదే గాని, రాజుగారి బిరుదులు చదవడం మొదలుపెడితే వడ్డించిన అన్నం చల్లారిపోయేది.

ఆ బిరుదుల్లో అన్నిటికన్నా కొత్తది 'లాటిన్ సార్వభౌమ'.

దూరదేశాల ఓడలు రేవుకు రావడం మొదలయ్యాక, ఆ ఓడలవాళ్ళు రాసే ఉత్తరాలు లాటిన్ అనే భాషలో ఉంటాయని తెలిసింది. వెంటనే రాజుగారు ఇన్నాసి పాదిరీ అనే ముసలి గురువును రప్పించి, రాజధానిలోని విద్యాపీఠంలో లాటిన్ తరగతి పెట్టించారు. తాము మాత్రం అంతఃపురంలోనే పదిహేను రోజులు పాఠం విన్నారు. పదహారో రోజున, "మాకు వచ్చేసింది" అన్నారు. అవును వచ్చేసిందంటూ ఆస్థాన పండితుడు నృసింహావధాని నిండు సభలో పద్యం చదివాడు. ఇక రాలేదనడానికి ఎవరికి గుండె చాలుతుంది?

సభలో నవ్వించే కొలువు బుచ్చిలింగానిది. నోరు ఊరుకోక అన్నాడు: "పదిహేను రోజుల్లో నాకు జలుబే తగ్గదు, మహాప్రభో!"

సభ గొల్లుమంది. రాజుగారి మీసం మాత్రం కదల్లేదు.

"అలాగా! అయితే రేపటినుంచి నువ్వూ ఆ తరగతికి వెళ్ళు. నీకు ఆరు నెలలు గడువు. ఆ తర్వాత సభలో పరీక్ష."

అలా నలభై ఆరేళ్ళ బుచ్చిలింగం, మీసాలైనా సరిగా రాని విద్యార్థుల మధ్య కిందివరస పీట మీద చతికిలబడ్డాడు.

ఇన్నాసి పాదిరీ పాఠం చెప్పే పద్ధతి ఒకటుంది. సున్నం పూసిన చెక్క మీద లాటిన్ వాక్యాలు రాసి, దాన్ని ముందుగా అందరికన్నా కింద కూర్చున్నవాడికి ఇస్తాడు. వాడు తనకు తెలియని ప్రతి మాట కిందా బొగ్గుతో చుక్క పెట్టాలి. తరువాత చెక్క పైపీటకు వెళుతుంది. ఆ పీట మీదివాడు తనకు తెలిసిన మాట కింద చుక్క చెరిపి, అర్థం పైకి చెప్పాలి. అర్థం తప్పయితే అదే బొగ్గుతో వాడి బుగ్గన చుక్క.

"తెలియదని చుక్క పెట్టినవాడికి సిగ్గు లేదు, నాయనా," అనేవాడు పాదిరీ. "తెలియకుండా చెరిపినవాడికే."

బుచ్చిలింగం చెక్క మొత్తం నల్లగా చేసి పైకి పంపేవాడు. కొన్నాళ్ళకు పక్క పీటలవాళ్ళు, "బాబాయిగారి చేతికొస్తే చెక్కకు మశూచి పోసినట్టే" అని నవ్వడం మొదలుపెట్టారు. ఉక్రోషం పట్టలేక ఒకనాడు రెండు చుక్కలు చెరిపాడు. రెండూ తప్పే. ఆ మధ్యాహ్నం రెండు బుగ్గల మీదా మసితో ఇంటికి వెళితే, భార్య మాణిక్యాంబ విస్తరి వేస్తూ ఎగాదిగా చూసింది.

"ఈ వయసులో ఇంత దిష్టి చుక్కా? అంత అందంగా ఉన్నారని ఎవరన్నారండీ?"

ఆనాటినుంచి బుచ్చిలింగం ఒక ఉపాయం కనిపెట్టాడు. తన వంతు రాగానే ఏదో ఒక హాస్యం ఆడేవాడు. తరగతి నవ్వేది, పాదిరీ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వేవాడు. ఈలోగా గంట కొట్టేసేవారు. అలా ఆరు నెలలు గడిపేశాడు. మొదటి వారం నేర్చుకున్న ఇంట్లో వాడే మాటలు నాలుగూ తప్ప, తెలిసింది సున్న.

గడువు ముగిసే ముందు రోజు రాజాజ్ఞ వచ్చింది: పరీక్షలో బుచ్చిలింగం తప్పితే శిష్యుడికి శిక్ష లేదు. చెప్పడం చేతగాని గురువును మాత్రం రేవులో ఉన్న ఓడ ఎక్కించి దేశం దాటిస్తారు.

ఆ మాట వినగానే బుచ్చిలింగం లేచాడు. పరుగున వెళ్ళి పాదిరీ ముందు నిలబడ్డాడు. ఒక్క హాస్యమూ నోటికి రాలేదు.

"నన్ను తిట్టండి, గురువుగారూ."

పాదిరీ తన మూడు పుస్తకాలనూ గుడ్డలో మూట కట్టుకుంటున్నాడు. "ఎలా తిట్టను, నాయనా? నువ్వు నవ్వించినప్పుడు నేనూ నవ్వాను. తప్పు చెరిసగం."

ఆ మాట బుచ్చిలింగానికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

మర్నాడు సభ కిటకిటలాడింది. రాజుగారు పట్టుగుడ్డ విప్పించి ఒక కాగితం తీయించారు. రేవులో లంగరు వేసిన ఓడనుంచి అయిదు రోజుల కిందట వచ్చిన ఉత్తరం అది. ఉత్తరంలో ఏముందో సభలో తేలేదాకా పరదేశపు ఓడతో ఎవరూ ఇచ్చిపుచ్చుకోరాదన్నది ఆ రాజ్యపు కట్టుబాటు. పాదిరీకి చూపించవచ్చుగా అంటే, లాటిన్ సార్వభౌముడికి ఇంకొకరి సాయమా! ఉత్తరం వచ్చిన రోజే రాజుగారు దాన్ని చూసి గంభీరంగా తల పంకించారు. ఇది ప్రభువుల మీద అల్లిన స్తుతికావ్యమని అవధాని తేల్చాడు. దాన్ని వెండి చట్రంలో బిగించాలని కంసాలికి కబురు కూడా వెళ్ళింది.

"మాకు దీని అర్థం తెలుసు," అన్నారు రాజుగారు. "నువ్వు చెప్పు, చూద్దాం."

బుచ్చిలింగం కాగితం అందుకున్నాడు. అక్షరాలు చీమలబారులా పాకుతున్నాయి. ఓ మూల చేతిసంచీ, మూడు పుస్తకాల మూటతో పాదిరీ నిలబడి ఉన్నాడు. అటు చూడలేక మళ్ళీ కాగితంలోకి చూశాడు. రెండో వరుసలో ఒక మాట దగ్గర చూపు ఆగిపోయింది. మాట తోక కాస్త మారింది గాని, మొహం ఎరిగిందే. మొదటి వారం పాఠంలోని 'నీళ్ళు'!

స్తుతికావ్యంలో నీళ్ళెందుకు?

"ప్రభూ, ఒక బొగ్గుముక్క ఇప్పించండి."

"ఉత్తరానికి మసి పూస్తావా?"

"తుడిస్తే పోతుంది, ప్రభూ. తుడిచేవారుండాలి గాని."

బొగ్గు వచ్చింది. బుచ్చిలింగం సభ మధ్య చతికిలబడి, ఒక్కొక్క మాట కిందా చుక్క పెట్టుకుంటూ పోయాడు. సభలో కిసకిసలు మొదలయ్యాయి. అతని చెవులు కందిపోయాయి. అయినా చేయి ఆపలేదు. ఒక్క మాట వదిలి కాగితమంతా నల్లబడ్డాక లేచి నిలబడ్డాడు.

"నాకు వచ్చింది ఒక్క మాటే, ప్రభూ. 'నీళ్ళు'. తక్కినదంతా రాదు. మా గురువుగారు ఆరు నెలలు చెప్పారు, నేను ఆరు నెలలు ఇకిలించాను. ఈ సిగ్గు నాది. ఆయనది కాదు."

అని అవధాని వైపు తిరిగాడు.

"కాని మా తరగతిలో పరీక్ష ఇక్కడితో అయిపోదు," అన్నాడు బుచ్చిలింగం. "కిందివాడు చుక్కలు పెట్టాక పైవాడు చెరపాలి. నా పైపీట అవధానిగారిది. దయచేయండి, స్వామీ. స్తుతికావ్యమేగా! అర్థం తప్పయితే బుగ్గన చిన్న చుక్క, అంతే. చూడ్డానికి గురువుగారు ఇక్కడే ఉన్నారు."

అవధాని కాగితం అందుకున్నాడు. కండువా కొస చుక్క దాకా వెళ్ళింది, వెనక్కొచ్చింది. ఇంకో చుక్క దాకా వెళ్ళింది. పాదిరీ కళ్ళజోడు సర్దుకున్నాడు. కండువా మళ్ళీ భుజమెక్కింది.

"ప్రభువులు ఉండగా... నేను ముందు చెరపడం మర్యాద కాదు!" అని కాగితాన్ని నిప్పుకణికలా సింహాసనం వైపు సాచాడు.

కాగితం పోయి పోయి రాజుగారి ఒళ్ళో పడింది. ఆ పైన ఇక పీట లేదు.

రాజుగారు చూశారు. చాలాసేపు చూశారు. సభలో చామరాలు కూడా ఆగిపోయాయి. చివరికి ఉత్తరీయం కొస వేలికి చుట్టి, ఒక చుక్క చెరిపారు. ఆ మాటే మళ్ళీ కనబడితే అక్కడా చెరిపారు. అలా పదకొండు చోట్ల చెరిపి తలెత్తారు.

"ఇది మాకు వచ్చు," అన్నారు. "'మరియు.'"

పాదిరీ అవునన్నట్టు తలూపాడు.

"భేష్!" అన్నాడు బుచ్చిలింగం. "ఏలికా, సేవకుడూ కలిసి 'నీళ్ళు మరియు' దాకా వచ్చాం, ప్రభూ. ఆ తర్వాత ఏమిటో చెప్పగలవారు ఒక్కరే ఉన్నారు. ఆయన్నేమో ఓడ ఎక్కిస్తున్నాం."

రాజుగారి మొహం ఎర్రబడింది. తలవంచుకుని, తామే మెట్లు దిగి వెళ్ళి కాగితం పాదిరీ చేతిలో పెట్టారు. పాదిరీ చుక్కలు చెరుపుకుంటూ చివరిదాకా చదివి, సారం చెప్పాడు.

"'మా నావికులకు చిగుళ్ళు వాచి నెత్తురు కారుతోంది. నీళ్ళు మరియు నిమ్మకాయలు దయచేసి వెంటనే పంపండి. లేవలేనివాళ్ళు తొమ్మిదిమంది ఉన్నారు.' ఓడ వైద్యుడు రాసిన ఉత్తరం, ప్రభూ."

అయిదు రోజులు! పట్టుగుడ్డలో!

సభలో ఎవరూ ఎవరి మొహం చూడలేదు. బుచ్చిలింగమైతే నేలలోకి కుంగిపోయాడు. తాను సరిగా చదువుకుని ఉంటే మొదటిరోజే అడిగేవాడు కదా, ఆ ఉత్తరం చూపించమని!

రాజుగారు ఒక్క క్షణం కూడా జాగు చేయలేదు. మంచినీళ్ళ పీపాలతో, నిమ్మకాయల గంపలతో బండ్లు రేవుకు పరిగెత్తాయి. పాదిరీ కూడా వెంట వెళ్ళాడు. మూడోనాటికి కబురొచ్చింది: అందరూ బతికారు, ఇద్దరు లేచి నడుస్తున్నారు కూడా.

అప్పుడు నవ్వారు రాజుగారు. ముందు సన్నగా, తరువాత కిరీటం ఊగేలా. "'నీళ్ళు మరియు'! ఒరేయ్ బుచ్చిలింగం, ఇద్దరం కలిసి నేర్చింది ఇంతేనట్రా!"

తన ముంజేతి బంగారు కడియం తీసి అతని చేతికి తొడిగారు. పాదిరీకి విద్యాపీఠం పక్కనే ఇల్లు రాసిచ్చారు. 'లాటిన్ సార్వభౌమ' బిరుదును పట్టీలోంచి కొట్టేయించారు.

"రేపటినుంచి నేనూ తరగతికి వస్తాను. నా పీట ఎక్కడ?"

"కొత్తగా చేరినవారు అట్టడుగున, మహాప్రభో," అన్నాడు బుచ్చిలింగం చేతులు కట్టుకుని. "నా కింద ఒకరు కూర్చుంటారని ఆరు నెలలుగా ఎదురుచూస్తున్నాను."

రాజుగారు నిజంగానే వచ్చారు, నిజంగానే కింద కూర్చున్నారు. బుగ్గన చుక్కలతో అంతఃపురానికి వెళ్ళి రాణిగారి చేత మాటలూ పడ్డారు. కాని పట్టుదల గల మనిషి. నెల తిరక్కుండానే బుచ్చిలింగాన్ని దాటి పైపీటకు వెళ్ళిపోయారు.

బుచ్చిలింగం మళ్ళీ అట్టడుగున మిగిలాడు, బంగారు కడియం తొడిగిన చేత్తో బొగ్గుముక్క పట్టుకుని.